ఇరవై బొంతల మీది రాకుమారి

ఇరవై పరుపులు ఒకదాని మీద ఒకటి పరిచి, అన్నింటికీ అడుగున ఒక్క బఠాణీ గింజ పెడితే, పైన పడుకున్న పిల్లకు తెల్లవార్లూ కన్ను మూతపడదట. పొద్దున్నకల్లా ఒళ్లంతా కమిలిపోతుందట. అలా కమిలిన పిల్లే అసలైన రాకుమారి అని రాణిగారు మురిసిపోయి కోడలిగా చేసుకుంటుందట. ఎక్కడో చలిదేశంలో పుట్టి, లోకమంతా తిరిగి, చివరికి మా బడి లైబ్రరీ బీరువాలోకి కూడా వచ్చి కూర్చున్న కథ ఇది. నాకీ కథంటే ఒళ్లు మంట. నిద్ర పట్టకపోవడమే గొప్ప పుట్టుకకు గుర్తయితే, మిర్చి ఏరే రోజుల్లో నడుము నొప్పితో అటూ ఇటూ దొర్లే మా ఊళ్ల ఆడవాళ్లంతా మహారాణులు కావాలి. వాళ్లనెవరూ ఏ కోటలోకీ పిలిచినట్టు నేను వినలేదు.

నేను పుట్టింది జనగామ దగ్గర తరిగొప్పులలో. ఉద్యోగం మహబూబాబాద్ పక్కన ఒక ఆడపిల్లల గురుకులంలో. పిల్లలకు తెలుగు చెబుతాను, అవసరమైతే అరుస్తాను. వాన పడి ఆటల పీరియడ్ పోయిన ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి ఈ కథ చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ నాకు కోపమే. పిల్లలకు మాత్రం నవ్వు ఆగలేదు. వాళ్లు పడుకునేది ట్రంకు పెట్టెల మధ్య చాప పరిచి, దాని మీద ఇంటి నుంచి తెచ్చుకున్న బొంత వేసుకుని. ఆ బొంత కింద దువ్వెన ఉంటుంది, పెన్ను ఉంటుంది, ఒక్కోసారి అన్నం తినే చెంచా కూడా ఉంటుంది. ఒక్క గింజకే అంత పరేషాన్ అయితే ఆ పిల్ల మన హాస్టల్లో ఎన్ని రోజులు బతుకుతుందని ఒకతి అడిగింది. ఆ ప్రశ్న నుంచే మా నాటకం పుట్టింది.

నెల రోజుల్లో పిల్లలే దాన్ని పాటల నాటకంగా అల్లారు. నేను ప్రాసలు సరిచూశాను, అంతే. బఠాణీలు మన దగ్గర ఎక్కడ పండుతాయని కందిగింజ పెట్టారు. పరుపుల బదులు బొంతలు వచ్చాయి. పాత చీరలు పొరలు పొరలుగా వేసి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి కుట్టే బొంత లేని ఇల్లు మా వైపు ఉండదు. దసరా సెలవులకు వెళ్లినవాళ్లు వచ్చేటప్పుడు తలా ఒకటి మోసుకొచ్చారు. తండాల నుంచి వచ్చినవాటికి అంచుల్లో అద్దాలు, ఎర్రదారం పని. రాణి వేషం వేసిన పొట్టి పిల్ల నడుము మీద చెయ్యి పెట్టుకుని, కోలాటం అడుగుల మీద తిరుగుతూ ఇలా పాడేది.

"చారు సల్లగున్నదనె ఒకతె, సాప గుచ్చుకున్నదనె ఒకతె,
నా కొడుక్కు తగిన పిల్ల నేల మీద దొరకదాయె."

పనిమనిషి వేషం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన పిల్లది. పొడుగ్గా, తెల్లగా ఉంటుంది, ఆదివారాలు వాళ్ల ఊరి చర్చిలో పాడి పాడి గొంతు బాగా తేరింది. రాకుమారి వేషం కురవి దగ్గరి ఒక తండా పిల్లది. నల్లగా, సన్నగా, చేను ఆ చివర ఉన్న మనిషిని ఈ చివర నుంచి పిలవగల గొంతుతో ఉంటుంది. ఆమెను నేను ఎంపిక చెయ్యలేదు. ఎవరు పాడితే చప్పట్లు ఎక్కువ పడతాయో చూసి పిల్లలే ఇచ్చారు.

తెల్లారాక రాకుమారి తనకు నిద్ర పట్టలేదని చెప్పే పాట ఒకటి ఉంది. కథల్లో రాకుమార్తెలు ఎలా బాధపడతారో నాకు తెలుసు కాబట్టి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని పైకి చూస్తూ పాడమన్నాను. ఆ పిల్ల రెండుసార్లు చేసి ఆగిపోయింది. "ఒక్కదాన్నే పైకి సూసుకుంట ఏడ్సుడేంది మేడం? ఏడ్పంటె మనిషిని పట్టుకోని ఏడ్వాలె గద" అంది. నాకు అర్థం కాలేదు, అడిగితే చెప్పింది. వాళ్ల లంబాడీ పెళ్లిళ్లలో పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లేముందు తల్లినీ, తండ్రినీ, స్నేహితురాళ్లనూ ఒక్కొక్కరినే మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. ఆ ఏడుపు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. ఈ పిల్ల వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకుంటోంది. ఏడుపంటే ఆమెకు తెలిసింది అదే కాబట్టి, రాకుమారి అయినా అలాగే ఏడుస్తుందనుకుంది.

సరే, నీకు తెలిసినట్టే చెయ్యమన్నాను. ఆమె వెళ్లి రాణి మెడ పట్టుకుంది. కందిగింజ తన నడుమును ఏం చేసిందో సాగదీసి చెప్పింది. తర్వాత మంత్రి మెడ పట్టుకుంది. తర్వాత వంటవాడిది. చివరికి గుర్రం వేషంలో దుప్పటి కింద వంగి ఉన్న ఇద్దరు పిల్లల మెడలు వెతికి మరీ పట్టుకుంది. మాటలు తెలుగువే, రాగం మాత్రం తండాది. నవ్వుతూ నవ్వుతూ ఉన్న నేను మళ్లీ మొదటి నుంచి పాడమన్నాను. అప్పటిదాకా ఉత్త హాస్యంగా ఉన్న నాటకం అక్కడ నిజమైన నాటకమైంది.

తల్లిదండ్రులు వచ్చే ఆదివారం మా బడి వరండాలో మొదటిసారి వేశారు. కిందే కూర్చున్న తండా ఆడవాళ్లు ఆ పాట దగ్గర ఒక కన్నుతో నవ్వి, ఒక కన్నుతో ఏడ్చారు. పెళ్లి ఏడుపును నవ్వులాటలో పెట్టినందుకు వాళ్లకు కష్టం కలిగిందేమోనని నేను ఆ పిల్ల తల్లిని పక్కకు పిలిచి అడిగాను. ఆమె పత్తి చేను నుంచి నేరుగా వచ్చింది, కొంగు అంచున ఇంకా దూది అంటుకునే ఉంది. పెళ్లిలోనూ సరిగా ఏడ్వడం రాని పిల్లను చూసి అందరూ నవ్వుతారని, తన బిడ్డకు వచ్చేసిందని, ఇక నాయనమ్మకు బెంగ లేదని చెప్పింది. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. భూపాలపల్లిలో చుట్టుపక్కల జిల్లాల బడులన్నింటికీ నాటక పోటీలు పెడుతున్నారంటే పేరు పంపాను.

పోటీకి వారం ముందు పైఆఫీసు నుంచి ఒక అధికారి రిహార్సల్ చూడ్డానికి వచ్చాడు. టీ తాగుతూ మొత్తం చూశాడు, నవ్వాడు కూడా. కథ బాగుందన్నాడు, పిల్లలు హుషారుగా ఉన్నారన్నాడు. తర్వాత కుర్చీ నా వైపు జరుపుకుని గొంతు తగ్గించాడు. "రాకుమారి అంటె రాకుమారి లెక్క కనపడాలె కదమ్మా" అన్నాడు. జడ్జీలు హైదరాబాద్ నుంచి వస్తారట. పనిమనిషి వేషం వేసిన పొడుగు పిల్లను రాకుమారిని చేస్తే ముఖం నిండుగా ఉంటుందట. ఈ పిల్లకు పనిమనిషి వేషం అయితే మేకప్ కూడా అక్కర్లేదట. ఆ మెడలు పట్టుకుని ఏడ్చే పాట తీసేసి, నాలుగు తియ్యటి ముక్కలు పెట్టమన్నాడు. తండా ఏడుపు రాజుల కథలో ఏం బాగుంటుందని అడిగాడు.

అలా నా ఎదురుగా కూర్చుని, నా పిల్లను చర్మం రంగు చూసి తూకం వేస్తుంటే నేను ఏం చెయ్యాలి? ఆ టీ కప్పు తీసి పక్కన పెట్టి, లేచి వెళ్లమనాలి. పోనీ, వేషం పిల్లలిచ్చారు, మార్చే హక్కు నాకు లేదని అయినా అనాలి. నేను "సరే సార్" అన్నాను. ఇరవై రెండేళ్ల నౌకరీలో ఆ రెండు ముక్కలు నా నాలుక చివర ఎప్పుడూ తయారుగా ఉంటాయి. నోరు తెరిస్తే చాలు, అవే ముందు పడతాయి. ఆయన మీద నాకున్న కోపం పెద్దది. నా మీద నాకున్నది అంతకంటే పెద్దది, అది ఇప్పటికీ చల్లారలేదు.

చల్లారకపోవడానికి కారణం ఉంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా బడిలో ఒక నాటకం వేశారు. నాకు పాటలన్నీ నోటికొచ్చినా పనిమనిషి వేషమే ఇచ్చారు. నేను మాట్లాడే తీరు దానికే సరిపోతుందని దూరపు జిల్లా నుంచి వచ్చిన మాస్టారు తేల్చేశాడు. కోటలో మాట్లాడే తెలుగు ఒకటి, కోటలో అంట్లు తోమే తెలుగు ఒకటి ఉంటాయని నాకు తెలిసింది అప్పుడే. సినిమాకెళ్తే అక్కడా అదే వరస. హీరోయిన్ నోట మా మాట వినపడదు. నవ్వించడానికి పెట్టిన పనిమనిషి నోటా, తన్నులు తినే రౌడీ నోటా వినపడుతుంది. ఇంటికొచ్చి ఏడిస్తే మా అవ్వ, పోనీ తియ్యి బిడ్డా, ఏదో ఒక యేసం అంది. ఆ "ఏదో ఒక" అన్నది నన్ను ఇన్నేళ్లూ కాలుస్తూనే ఉంది. అయినా సరే సార్ అన్న ఆ పూట నేను ఆ మాస్టారి పక్కకే వెళ్లి నిలబడ్డాను.

ఆ సాయంత్రం తండా పిల్ల కుళాయిల దగ్గర యూనిఫాం పిండుతుంటే వెళ్లి చెప్పాను. సార్ చెప్పాడన్నాను. పనిమనిషి వేషం కూడా మంచిదే, బొంతలు పేర్చే పాట అందరికీ నచ్చుతుందన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది. ఆమె పిండిన గౌను మళ్లీ బకెట్లో వేసి, మళ్లీ తీసి పిండింది. ఏడ్చే పాట ఎవరు పాడతారని అడిగింది. తీసేశామన్నాను. "నేను బాలేనా మేడం, పాట బాలేదా?" అని అడిగింది. రెండూ బాగున్నాయన్నాను. "మరి?" అంది. రేపు రిహార్సల్ తొందరగా మొదలుపెడదామని చెప్పి వచ్చేశాను.

పోటీ రోజు ఇరవై బొంతలూ మూటలు కట్టి బస్సు పైన వేసుకుని, నర్సంపేట మీదుగా భూపాలపల్లి చేరాం. దారంతా పిల్లలు అంత్యాక్షరి ఆడాల్సింది పోయి వెనక సీట్లలో తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. పోటీ భయం అనుకున్నాను. బొగ్గు లారీల దుమ్ములో దిగి, ముఖాలు కడుక్కుని, మధ్యాహ్నం మా వంతు రాగానే స్టేజీ ఎక్కారు. నేను తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డాను. అధికారి రెండో వరసలో, ముగ్గురు జడ్జీల వెనకే కూర్చున్నాడు.

అంతా అనుకున్నట్టే నడిచింది. తండా పిల్ల ఒక్కో బొంతా నెత్తిన పెట్టుకొచ్చి, అడుగు తప్పకుండా పాడుతూ పేర్చింది. ఘన్‌పూర్ పిల్ల స్టూలు వేసుకుని పైకెక్కి పడుకుంది. డప్పు మీద నాలుగు దెబ్బలు పడ్డాయి, అంటే రాత్రయింది. తెర వెనక నుంచి కోడి కూసింది, అంటే తెల్లారింది. రాణి వచ్చి, ఎట్ల పండుకున్నవ్ బిడ్డా అని అడిగింది. ఇక్కడ ఘన్‌పూర్ పిల్ల నిద్ర పట్టలేదని చెప్పి, ఆ నాలుగు తియ్యటి ముక్కలు పాడాలి.

ఆమె లేచి కూర్చుని, రెండు చేతులూ చాచి, నోరు పెద్దగా తెరిచి ఆవులించింది. "మస్తు పండుకున్న అత్తమ్మా. ఇంత మంచి నిద్ర మా ఇంట్ల గూడ ఎన్నడు పోలే" అంది.

హాలు గొల్లుమంది. నేను స్క్రిప్టులో ఆ పేజీ వెతికాను. అట్లయితే నువ్వు రాకుమారివి కావా అని రాణి అడిగింది. ఆ పొట్టి పిల్ల ముఖంలో కొంచెం కూడా ఆశ్చర్యం లేదు. అప్పుడు నాకు వెనక సీట్ల గుసగుసలు అర్థమయ్యాయి.

"నేను గాదు. గీ బొంతలన్ని మోసి పేర్సిన పిల్లను అడుగుండ్రి, ఆమెకు నిద్ర పట్టిందో లేదో" అంటూ ఘన్‌పూర్ పిల్ల స్టూలు మీదికి దిగి, అక్కడి నుంచి కిందికి దూకింది.

తండా పిల్ల మూల నుంచి వచ్చింది. వచ్చి రాణి మెడ పట్టుకుంది. తీసేశామనుకున్న పాట అక్కడ మొదలైంది, కానీ మాటలు మారాయి. కందిగింజ ఊసే లేదు. ఇరవై బొంతలు ఎక్కించింది తనేనని, తెల్లారితే ఇరవై దించాల్సిందీ తనేనని, పడుకున్నవాళ్లను ఎట్ల పండుకున్నవని అడిగే కోటలో నిలబడ్డవాళ్లను అడిగేవాళ్లే లేరని పాడింది. రాణిని వదిలి మంత్రిని పట్టుకుంది. మంత్రిని వదిలి గుర్రాన్ని పట్టుకుంది. జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ముందు వరసలో ఒకావిడ జడ్జి కళ్లు తుడుచుకోవడం చూశాను. తర్వాత ఆ పిల్ల గుర్రాన్ని కూడా వదిలి, తెర పక్కకు వచ్చి, నా మెడ పట్టుకుంది.

నేను సగం స్టేజీ మీద, సగం తెర చాటున ఉన్నాను. ఆమె కన్నీళ్లు నా భుజం మీద వెచ్చగా తగిలాయి. పాటలో నన్ను మీరు అనలేదు, నువ్వనే పిలిచింది.

"ఓ మేడమా, నా మేడమా, పాడుమని నువ్వే అంటివి,
నా పాట తీస్తుంటె నీ నోటికేమయ్యిందే మేడమా."

ఇది కూడా నాటకమేననుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను. దాన్ని చూసి మరిన్ని చప్పట్లు కొట్టారు.

మాకు ఏ బహుమతీ రాలేదు. ముందే పంపిన స్క్రిప్టు ప్రకారం ఆడలేదని పక్కన పెట్టేశారు. బహుమతి రానందుకు నేను బాధపడలేదు. కానీ హాలు వెనక గదిలో ఆ అధికారి నన్ను నిలబెట్టి, తండా పిల్లలకు చనువిస్తే ఇట్లనే నెత్తికెక్కుతరని అన్నప్పుడు నా రక్తం ఉడికిపోయింది. వేషం మార్చమన్నవాడు ఈయన, మార్చినదాన్ని నేను, తప్పు మాత్రం పద్నాలుగేళ్ల పిల్లదట. తెల్లకాగితం నా ముందుకు తోసి, ఏం జరిగిందో సంజాయిషీ రాసిమ్మన్నాడు. ఈసారి సరే సార్ అనలేదు. ఈ మార్పు నేనే చేయించాను, పిల్లలకు ఏ సంబంధమూ లేదు, ఏ చర్య తీసుకున్నా నా మీదే తీసుకోండని రాసి, కింద గట్టిగా సంతకం పెట్టి ఇచ్చాను. గది బయటికి వస్తుంటే చాలా ఏళ్ల తర్వాత నా నడుము నిటారుగా ఉన్నట్టనిపించింది.

పిల్లలు బస్సు నీడలో కూర్చుని పులిహోర తింటున్నారు. భయపడొద్దని, అంతా నా మీద వేసుకుని రాసిచ్చానని చెప్పాను. వాళ్లు వచ్చి చుట్టుకుంటారని అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎవరూ కదల్లేదు. ఘన్‌పూర్ పిల్ల తండా పిల్ల వైపు చూసింది. తండా పిల్ల తింటున్న ప్లేటు కింద పెట్టి లేచింది.

"గట్లెట్ల రాస్తరు మేడం? మీరెప్పుడు చేయించిండ్రు?" అంది.

నిజం రాస్తే మీకు మాటొస్తుందన్నాను. టీసీ ఇచ్చి పంపినా పంపుతారన్నాను.

"ఏమంటరో అననియ్యిండ్రి, మేం చెప్పుకుంటం. అందరం కూసోని ఆరు రోజులు అల్లినం. నా యేసం తీసుకున్నరు, ఏం అనలే. గిదన్న మాకు ఉండనియ్యిండ్రి" అంది. గొంతు పెంచలేదు. మిగతా పిల్లలంతా తినడం ఆపి నా వైపే చూస్తున్నారు. వాళ్లలో ఒక్కరి ముఖంలోనైనా ఆమె తప్పు మాట్లాడిందన్న భావం లేదు.

నేను చేసిన గొప్ప పని నా కాళ్ల దగ్గరే కూలిపోయింది. ఆయన ఆమె దగ్గర వేషం లాక్కున్నాడు. నేను ఆమె చేసిన పనినే లాక్కున్నాను, పైగా అది త్యాగం అనుకున్నాను. చేసింది వీళ్లు కాదు, వీళ్లకు అంత తెలివి ఎక్కడిదని ఆయన అనుకోవడానికి నేనే సంతకం పెట్టిచ్చాను.

వెనక్కి వెళ్లాను. అధికారి కారెక్కబోతున్నాడు. నేను రాసింది తప్పు, కాగితం తిరిగి ఇవ్వమని అడిగాను. విసుక్కుంటూ ఇచ్చాడు. దాన్ని చింపి, కారు బానెట్ మీద ఇంకో కాగితం పెట్టి రాశాను. ఈ మార్పు పిల్లలే చేశారు. నాకు ముందు తెలియదు. తెలిసి ఉంటే ఆపేదాన్ని.

ఆయన చదివాడు. మొదటి రెండు ముక్కలూ చాలు, ఆ మూడోది అవసరం లేదు, కొట్టేయమన్నాడు.

"ఉండనియ్యిండ్రి సార్. వాళ్ల పని వాళ్లది, నా తప్పు నాది" అన్నాను.